తెనాలి తుక్కు శిల్పాలు

పాడైన బండ్ల చైన్లు, పళ్లచక్రాలు, నట్లు, బోల్టులు, ఇనుప ఊచలు కలిసి నిలువెత్తు మనుషులుగా మారే చోటు తెనాలి. వేటపాలెంలో రైలెక్కితే చీరాల, బాపట్ల, నిడుబ్రోలు దాటాక వస్తుంది. కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్రల సూర్య శిల్పశాల ఈ పనికి పేరుపడింది. విగ్రహాల తయారీ తెనాలికి కొత్త కాదు. అయితే కంచు విగ్రహంలో లోహం కరిగి తన పాత రూపం పోగొట్టుకుంటుంది. తుక్కు శిల్పంలో నట్టు నట్టుగానే ఉండాలి, దూరం నుంచి చూస్తే అదే చెంపగా కనబడాలి.

శిల్పశాలలోకి వెళ్లిన మాకు ముందు ఎదురైంది రకాలవారీగా ఏరి పెట్టిన ఇనుము. ఈ కళలో ఏరడమే సగం పని. చైను వంగుతుంది గనక జుట్టుకూ, బట్టల మడతలకూ పనికొస్తుంది. కనుగుడ్డుకు బేరింగు నప్పుతుంది. చిన్న నట్లు ముఖంలోని మెత్తని వంపులకు, పెద్దవి భుజాలకు, వీపుకు వాడవచ్చు. ముందుగా ఊచలతో, గొట్టాలతో లోపలి అస్థిపంజరం నిలబెడతారు. దానిమీద కొలతల ప్రకారం ముక్కలను ఒక్కొక్కటిగా వెల్డింగ్ చేసుకుంటూ పోతారు. లోపల డొల్లగానే ఉంటుంది, లేకపోతే ఆ బరువును కదిలించడం కష్టం.

దొరికిన ఇనుమంతా ఒకే తీరుగా అతకదు. పాత ఇంజన్లలోని పోత ఇనుము మామూలు రాడ్డుతో అతికిస్తే చల్లారేటప్పుడు పగులుతుంది. జింకు పూత ఉన్న బోల్టును అలాగే వేడిచేస్తే వచ్చే పొగ పీల్చినవారికి జ్వరం తెప్పిస్తుంది, అందుకే పూతను ముందే గీకేయాలి. నూనె, గ్రీజు, తుప్పు కూడా పోవాలి.

2021లో ఈ శిల్పశాల బెంగళూరు కోసం 14 అడుగుల మోదీ విగ్రహాన్ని సుమారు రెండు టన్నుల తుక్కుతో చేసి దేశమంతటి దృష్టిలో పడింది. దానికన్నా గొప్పగా చెప్పుకోవలసింది పదడుగుల గాంధీ. అందులో దాదాపు 75,000 నట్లున్నాయి. ఒకే రకం వస్తువుతో ముఖకవళికలు పలికించాలంటే పరిమాణాల తేడా తప్ప శిల్పికి మరో ఆసరా ఉండదు. రకరకాల ముక్కలు కలిపితే ఒక ముక్క లోపాన్ని మరొకటి కప్పుతుంది, ఇక్కడ ఆ వీలు లేదు. వేటపాలెం వారికి ఈ గాంధీ మీద మరింత ఆసక్తి కలగడం సహజం. 1918లో ఆ ఊళ్లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయ భవనానికి 1929లో శంకుస్థాపన చేసింది గాంధీజీయే. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది.

ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో లలితకళలు బోధించే పడకండ్ల శ్రీనివాస్ కూడా తుక్కు శిల్పాలు చేసి పార్కుల్లో నెలకొల్పారు.

ప్రపంచంలో ఈ దారి పాతదే. 1942లో పికాసో సైకిలు సీటునూ హ్యాండిల్‌నూ కలిపి ఎద్దు తల చేశారు. చండీగఢ్‌లో నేక్‌చంద్ పగిలిన గాజులతో, పింగాణీ పెంకులతో కట్టిన రాక్ గార్డెన్ 1976లో ప్రజలకు తెరుచుకుంది. అయితే వేటపాలెం లాంటి నేతపని ఊరికి అందరికన్నా దగ్గరివాడు ఘనాలో పుట్టిన ఎల్ అనాట్సుయ్. ఆయన ఇంట్లో కెంటే బట్ట నేసేవారు. సారా సీసాల మూతలను చదును చేసి, రాగి తీగతో కుట్టి, గోడంత తెరలు చేస్తారాయన. 2023 అక్టోబరులో లండన్ టేట్ మోడర్న్‌లోని భారీ హాలులో అలాంటి తెరలు వేలాడాయి. వేల చిన్న మూతలు కలిసి ఒక బట్టలా మడతలు పడటం చూస్తే, మగ్గం ముందు కూర్చున్నవారికి అందులోని పనితనం వివరించనక్కరలేదు.

ఇనుప బొమ్మకు అసలు శత్రువు తుప్పు. వేటపాలెం, చీరాల వంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలి దాన్ని ఇంకా త్వరగా తినేస్తుంది. అతుకుల సందుల్లో నీరు నిలవకుండా కింద రంధ్రాలు వదలాలి. ఇనుము రంగు కనబడేలా పైన పారదర్శకమైన పూత వేసి, అది పల్చబడినప్పుడల్లా మళ్లీ వేయాలి. విగ్రహం పెట్టించేవారు ఈ ఖర్చును మొదటే లెక్కలో వేసుకోవాలి.