లోపలి వెలుగు

మా యింటి ముందుగదిలో పుస్తకముల బీరువాపై నొక అంతరిక్షనౌక యున్నది. దాని పొడవు సుమారు 44 సెంటీమీటర్లు. చూడవచ్చినవారు, "మాస్టారూ, తెలుగు పండితుల యింట నిదేమి వింత?" యని నవ్వుదురు. నేనును నవ్వి యూరకుందును. ముప్పదియైదేండ్లు పిల్లలకు పద్యములను, వ్యాకరణమును బోధించి, ప్రధానోపాధ్యాయుడనై పదవీ విరమణ చేసినవాడను. నాకును ఆ ప్లాస్టికు నౌకకును గల సంబంధము ఒక్కమాటలో చెప్పదగినది కాదు. అందుచేతనే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా కుమారుడు అమెరికాలో వర్జీనియా రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. 2019వ సంవత్సరపు వేసవిలో నేనచ్చటికి వెళ్ళితిని. ఒకనాడతడు నన్నును, పదునొకండేండ్ల మా మనుమనిని వాషింగ్టను నగరమునందలి జాతీయ వైమానిక అంతరిక్ష ప్రదర్శనశాలకు తీసికొనిపోయెను. 1927లో లిండుబర్గు ఒంటరిగా అట్లాంటికు మహాసముద్రమును దాటిన విమానము అచ్చట గలదు. ఆ శాలలోనే, ఎన్నడును ఆకాశమున కెగురని యొక నౌకయు గాజుపెట్టెలో నుండెను. అది 'స్టార్ ట్రెక్' అను టెలివిజను కథామాలిక కొరకు చేసిన 'ఎంటర్‌ప్రైజ్' నౌక నమూనా.

దానికి రూపకల్పన చేసినవాడు మాట్ జెఫరీస్ అను కళాకారుడు. 1964లో కాలిఫోర్నియా రాష్ట్రమున కొందరు పనివారు కొయ్యతోను, ప్లాస్టికుతోను, లోహముతోను దానిని నిర్మించిరి. పొడవు 11 అడుగులకు పైన. కథామాలిక ప్రసారము 1966 సెప్టెంబరు 8వ తేదీన మొదలయ్యెను. 1974లో నమూనా యీ ప్రదర్శనశాలను చేరెను. పిమ్మట చాలకాలమునకు దానిని శ్రద్ధతో మరమ్మతు చేసి, పాతదీపములకు బదులు ఎల్.ఇ.డి. దీపములను అమర్చి, 2016లో ఆ శాలయందు నిలిపిరి.

మా మనుమడు నా చేయి పట్టుకొని దాని చుట్టు త్రిప్పెను. "తాతయ్యా, ఈ ఎడమవైపు చూడండి" అనెను. కుడివైపున కిటికీలు, గుర్తులు, అక్షరములు చక్కగా తీర్చియున్నవి. ఎడమవైపు చాలవరకు బోసిగా నున్నది. దీపములకు విద్యుత్తును తెచ్చు తీగెలు ఆ ప్రక్కనుండి లోనికి పోయెడివట. కెమెరా కుడివైపునే చూచెడిది గనుక, రెండవవైపు పూర్తిచేయవలసిన యక్కర వారికి కలుగలేదు.

అప్పుడు మా కుమారుడు చిరునవ్వు నవ్వి, "నాన్నగారూ, నా పౌడరు డబ్బాల నౌక జ్ఞాపకమున్నదా?" యని యడిగెను. నాకు నోట మాట రాలేదు. జ్ఞాపకము లేక కాదు.

1993లో వాడు ఏడవ తరగతి చదువుచుండెను. ఏదియో వారపత్రికలో నిట్టి నౌక బొమ్మ చూచి, రెండు మిఠాయిడబ్బా మూతలను ఒకదానిపై నొకటి బోర్లించి పళ్ళెరము వంటి ముందుభాగము చేసెను. రెండు పౌడరు డబ్బాలు ఇంజనులయ్యెను. లోపల టార్చిలైటు బల్బు నమర్చి, రాత్రులందు వెలిగించి మురిసిపోయెడివాడు. దానిని పుస్తకముల బీరువాపై నుంచెను. అర్ధసంవత్సర పరీక్షలలో లెక్కలలో వానికి మార్కులు తగ్గెను. నేను కోపించి, వాడు బడికి పోయినవేళ, పాతకాగితములు కొనువానికి ఆ నౌకను గూడ నిచ్చివేసితిని. సాయంకాలము వాడు వచ్చి బీరువా వంక చూచెను. పిదప నా వంక చూచెను. ఏమియు ననక కాళ్ళు కడుగుకొని వచ్చి పుస్తకము తెరచెను. మరునాటినుండి మిక్కిలి శ్రద్ధగా చదివెను. అది నా విజయమని నేను గర్వించితిని. కాని యటుపిమ్మట వాడు తన చేతితో చేసిన దేదియు నాకు చూపలేదు.

ప్రదర్శనశాలనుండి మరలివచ్చుచు మనుమడు ఒక దుకాణమున నమూనాపెట్టె నొకదానిని కొనిపించుకొనెను. ఏ.ఎం.టి. అను సంస్థ యిట్టి పెట్టెలను 1966లోనే విక్రయింప మొదలిడెనట. 1967లో ప్రసారమైన యొక కథలో దెబ్బతిన్న నౌకను చూపవలసివచ్చినప్పుడు, చిత్రీకరణ చేయువారు ఆ పెట్టెలోని నమూనానే కూర్చి, దానిని చెరచి వాడుకొనిరట. పిల్లలు కొనుక్కొను బొమ్మయే కథలోని కెక్కినదన్నమాట!

పెట్టె తెరచినంతనే మనుమడు నాకొక లెక్క యిచ్చెను. "కథలో నౌక పొడవు 947 అడుగులు. ఈ నమూనా దానిలో 650వ వంతు. ఎంత యుండును, తాతయ్యా?" నేను వ్రేళ్ళపై లెక్కించుచుండగా వాడే, "పదునేడున్నర అంగుళములు" అనెను. లేని నౌకకు గూడ కొలత తప్పరాదను నియమము నాకు నచ్చినది. కల్పనయైనను ఛందస్సు తప్పిన పద్యము మనకు రుచింపదు గదా!

భాగములన్నియు నొక ప్లాస్టికు చట్రమునకు కాయలవలె వ్రేలాడుచుండును. వానిని త్రుంపరాదు, చిన్న కట్టరుతో కత్తిరించి, మిగిలిన మొటిమను ఉప్పుకాగితముతో నునుపు చేయవలెను. ఇందు వాడు జిగురు మన బంకవంటిది కాదు. అది రెండు అంచులను కొంచెము కరగించి యొక్కటిగా చేయును. ఆరిన పిదప వానిని విడదీయుట సాధ్యము కాదు. కావున జిగురు పూయకముందే భాగములను ఒత్తిపట్టి, సరిపోవునో లేదో చూచుకొనవలెను.

దీపములు పెట్టవలెనన్న పని రెట్టింపగును. ఎల్.ఇ.డి. దీపము చిన్నది, తక్కువ వేడి గలది. కాని మితము తప్పిన ఓర్వదు. నేను తొందరపడి యొక తెల్లని దీపమును 9 వోల్టుల బ్యాటరీకి తిన్నగా కలిపితిని. అది ఒక్కమారు మెరసి ఆరిపోయెను. మా కుమారుడు కాగితముపై లెక్క వ్రాసి చూపెను. దీపమునకు కావలసినది సుమారు 3 వోల్టులు. మిగిలిన 6 వోల్టులను రెసిస్టరు అను నిరోధకము భరింపవలెను. దీపము గుండ ప్రవహింపదగిన విద్యుత్తు 20 మిల్లీ ఆంపియర్లు గనుక, 6ను 0.02తో భాగింపగా 300 ఓములు వచ్చును. అప్పుడు లెక్కలలో మార్కులు తగ్గినవని నేను శిక్షించిన బాలుడే యిప్పుడు నాకు లెక్క నేర్పుచుండెను.

కిటికీలకు అర మిల్లీమీటరు రంధ్రములు చేతిబరమాతో తొలిచితిమి. వెండ్రుకవలె సన్నని కాంతితంతువులను వానిలో దూర్చి, వాని రెండవ కొనలను దీపముకడకు చేర్చితిమి. ఇట్లు ఒక్క దీపముతోనే పెక్కు కిటికీలు వెలుగును. ప్లాస్టికు పలుచనిది గనుక వెలుగు దాని గుండ బయటికి చిమ్మును. దానిని ఆపుటకు లోపలివైపు మొదట నల్లరంగు వేసి, కాంతిని వెదజల్లుటకై దానిపై తెల్లరంగు వేయవలెను. ఆ పని నాకప్పగించిరి. నేను నడుమ నొక పూత పూసి అంచులను వదలివేసితిని. అతుకును గూడ సరిగా ఒత్తక జిగురు పూసితిని. "లోపల నెవరు చూతురు?" అనుకొంటిని.

ఆ రాత్రి గదిలో దీపములార్పి, నౌకలోని దీపము వెలిగించితిమి. కిటికీలు నక్షత్రములవలె మెరసెను. కాని పళ్ళెరము అంచు చుట్టు ఎఱ్ఱబారిన యొక వెలుగుగీత వంకరటింకరగా కనబడెను. నేను విడిచిన చోట్లన్నియు నది లెక్కపెట్టి చూపుచున్నట్లుండెను. చీకటిలో నున్నంతవరకు నా తప్పు నాకే తెలియలేదు. లోపల దీపము పెట్టగానే అందఱికి తెలిసినది. మనుమడు ముఖము చిన్నబుచ్చుకొనెను గాని నన్నొక్క మాట యనలేదు. ఆ మౌనమును నేనెఱుగుదును. దానిని నేనదివఱకొకమారు చూచియుంటిని.

అతుకును విప్పుటకు వీలులేదు. చేయగలిగిన దొక్కటియే: సందులలో లప్పము కూరి, ఆరనిచ్చి, రుద్ది, పైన నల్లరంగు పూసి, మరల అసలు రంగు వేయుట. మూడు దినములు నేను ఉప్పుకాగితము చేతబట్టి కూర్చుంటిని. రెండవనాటి రాత్రి మా కుమారుడు కచేరీనుండి వచ్చి, నా ప్రక్కన కూర్చుండి, తానును ఒక ముక్క తీసికొని రుద్దసాగెను. నేను తల యెత్తకయే, "నాయనా, ఆనాడు నేను చేసినది తప్పు" అంటిని. వాడు కొంతసేపు రుద్దుచునే యుండెను. పిదప వ్రేలితో తడిమి, "నాన్నగారూ, ఇచ్చట ఇంకను గరుకుగా నున్నది" అనెను. వాని కంఠము మారినట్లు నాకు తోచెను. ఇరువురమును ఆ చోటనే రుద్దితిమి.

ఆపై తుదిపనులు జరిగినవి. ముక్కులకు గుడ్డ కట్టుకొని ఆరుబయట రంగు పిచికారి చేసితిమి. తరువాత నిగనిగలాడు వార్నిషు వేసితిమి. ఏలయన గరుకుతలముపై గుర్తులంటించిన, వాని క్రింద గాలి చిక్కి వెండివలె తెల్లగా మెరయును. గుర్తుల కాగితమును గోరువెచ్చని నీటిలో నానబెట్టి, పలుచని పొరను మెల్లగా జార్చి యంటించితిమి. చివరకు మెరపులేని వార్నిషు పూసితిమి. చిన్నవస్తువు మిక్కిలి మెరసిన ఆటబొమ్మవలె కనబడును; మెరపు తగ్గినకొలది పెద్దదని భ్రమ కలుగును.

ఎడమవైపు సంగతి వచ్చినప్పుడు మనుమడు నన్నడిగెను: "అసలు నౌకకే లేదు గదా, మనము వదలివేయుదమా?" నేను, "వారికి కెమెరా ఒకవైపే యుండెను. మన యింటికి వచ్చువారు ఏవైపునుండి చూతురో యెవరికెఱుక?" అంటిని. రెండువైపుల సమముగనే పూర్తిచేసితిమి.

నేను స్వదేశమునకు బయలుదేరునాడు వారా నౌకను దూదిలో చుట్టి నా పెట్టెలో పెట్టిరి. ఎచ్చట నుంచవలెనో వారు చెప్పలేదు, నేనును అడుగలేదు. బీరువాపై ఆ స్థలము ఇరువదియాఱేండ్లుగా ఖాళీగానే యున్నది.

బాలలారా! చదువు మాని బొమ్మలు చేయుడని నేను చెప్పను. కాని చేతితో నొక వస్తువును చేయు బాలుడు కొలతయు, ఓర్పును, తన తప్పు తాను కనుగొనుటయు నేర్చుచున్నాడని యీ వయస్సున తెలిసికొంటిని. అతికినదానిని విప్పలేకపోవచ్చును, సందు పూడ్చి రుద్దుటకు మాత్రము వేళ మించిపోదు. మా యూర కరెంటు పోయిన రాత్రులందు నేనా నౌకను వెలిగింతును. పళ్ళెరపు అంచున, లప్పము చాలని యొకచోట, సూదిమొన యంత వెలుగు నేటికిని కనబడును. దానిని నేను పూడ్చలేదు.