పోపుల డబ్బా - కంప్యూటరు

మా నాతవరం ఇంట్లో ఒక కంప్యూటరు వుంది. 1999లో మా అన్నయ్య కొన్నాడు. విండోస్ 98, 64 మెగాబైట్ల మెమరీ. ఈ రోజుల్లో చవక ఫోనులో కూడా ఇంతకు ఎన్నో రెట్లు మెమరీ వుంటుంది. "పాత ఇనుప సామాన్లవాడికి వేసెయ్యరాదూ?" అని వచ్చిన ప్రతి చుట్టమూ సలహా చెప్పి, కాఫీ తాగి వెళుతూ వుంటాడు.

వెయ్యటానికి వీల్లేదు. తాండవ కాలువ కింది ఊళ్ళలో పెద్దవాళ్ళు చెప్పిన కథలు అన్నయ్య పదకొండు నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు. ఆరింటిని ఈ మిషను మీద తనే టైపు చేశాడు. మిగిలిన అయిదూ చెయ్యకుండానే వెళ్ళిపోయాడు. యూనికోడులో తెలుగుకు 1991లోనే చోటిచ్చారు గాని, అది మన ఇళ్ళదాకా రావటానికి చాలా ఏళ్ళు పట్టింది. అంతవరకూ ఎవరి అక్షరాలు వారివే. అందుచేత అన్నయ్య ఫైళ్ళు ఈ మిషను మీద చక్కని తెలుగు. మరోచోట తెరిస్తే అర్థంలేని గుర్తుల పోగు. మిగతా పుస్తకాలు తను పూర్తి చేస్తానని వదిన కూర్చుంది. అరవై రెండో ఏట టైపు నేర్చుకుంది.

వచ్చిన చిక్కల్లా నత్తనడక. ఒక పేజీ దాటి మరో పేజీకి పోవాలంటే లోపల డిస్కు గరగరమనేది. వదిన ఈలోగా వెళ్ళి కందిపప్పు కడిగి, పొయ్యిమీద పెట్టి వచ్చేది. "బాబూ, దీనికేమైనా మందుందా?" అని ఒకనాడు నన్నడిగింది.

వుంది. అది చెప్పాలంటే పోపుల డబ్బాతో మొదలుపెట్టాలి. ఆవాలూ, జీలకర్రా, మెంతులూ సామాన్ల గదిలో వుంటాయి. పోపు పెట్టిన ప్రతిసారీ అక్కడికి పరుగెత్తం గదా! కావలసినవి కాసిని డబ్బాలో పోసి పొయ్యి పక్కనే వుంచుకుంటాం. కంప్యూటరుకు సామాన్ల గది హార్డు డిస్కు. అక్కడ వెతికి ఒక్క ముక్క తేవటానికి సుమారు సెకనులో నూరోవంతు పడుతుంది. మెమరీ అంతకు దాదాపు లక్ష రెట్లు వేగం. అందుకని ఒకసారి తెచ్చిన ఫైలు ముక్కల్ని మెమరీలో అట్టేపెడుతుంది. దీని పేరే ఫైల్ క్యాష్.

ఇంత మంచి ఏర్పాటు వుండగా ఇబ్బందేమిటంటారా? డబ్బా పెద్దదైపోవటం! అది గట్టునంతా ఆక్రమిస్తే కూర తరుక్కోటానికి చోటుండదు. కూరలు వరండాలో పెట్టి, అస్తమానం తెచ్చుకోవలసి వస్తుంది. విండోస్ 98 ఈ డబ్బాను తనే పెంచుతుంది, తనే తగ్గిస్తుంది. మెమరీ చాలనప్పుడు, మనం వాడుకునే ప్రోగ్రామునే కొంత డిస్కుమీదికి నెట్టి, మళ్ళీ తెచ్చుకుంటూ వుంటుంది. మేం విన్న గరగర అదే.

స్టార్టు నొక్కి, రన్‌లో 'సిస్ఎడిట్' అని కొడితే కొన్ని ఫైళ్ళు తెరుచుకుంటాయి. వాటిలో 'సిస్టమ్ డాట్ ఐఎన్ఐ' అనేదానికి ముందే ఒక నకలు తీసి దాచాను. అందులో 'వీక్యాష్' అనే శీర్షిక కింద 'మ్యాక్స్‌ఫైల్‌క్యాష్=16384' అని ఒక వరస చేర్చాను. ఆ అంకె కిలోబైట్లలో. అంటే 16 మెగాబైట్లు, వున్న మెమరీలో నాలుగోవంతు. డబ్బా అంతకు మించి పెరగరాదని శాసనమన్నమాట. మిషను ఆపి మళ్ళీ పెట్టాను. గరగర బాగా తగ్గింది. వదిన పప్పు కడగటానికి వేరే వేళ చూసుకోవలసి వచ్చింది.

అయితే ఆవిడ రెండు రోజులాలోచించి ఇంకో ప్రశ్న వేసింది. "బాబూ, నేను దాచమన్నది వెంటనే సామాన్ల గదికి వెళుతుందా, కాసేపు ఈ డబ్బాలోనే కూర్చుంటుందా?"

కాసేపు కూర్చుంటుంది. వీలు చూసుకుని తరవాత డిస్కుమీద రాస్తుంది. ఈలోగా కరెంటు పోతే డబ్బాలో వున్నది పోయినట్టే. గాలివాన వస్తే మా ఊళ్ళో కరెంటు చెప్పి పోదు. ఆ ఆలస్యం లేకుండా చెయ్యటానికీ దారి వుంది: సిస్టం ప్రాపర్టీసులో పెర్‌ఫార్మెన్స్, అందులో ఫైల్ సిస్టం, ఆపైన ట్రబుల్‌షూటింగు, అక్కడ 'రైట్ బిహైండ్ క్యాషింగు' వద్దని ఒక టిక్కు పెట్టాలి. "కాని దాచినప్పుడల్లా కొంత ఆలస్యమవుతుంది వదినా" అన్నాను.

"కానీ. తేమకు సిరా అలుక్కుపోయిన పేజీలు బాబూ ఇవి. మీ అన్నయ్య దస్తూరీ ఒక్కో వరస పోల్చుకోటానికి పూట పడుతోంది. అదే పని రెండోసారి చెయ్యాలంటే నా కళ్ళు ఒప్పుకోవు" అంది.

టిక్కు పెట్టాను. చదవటంలో వేగం వేగమే. రాయటంలో మాత్రం ఆలస్యం.

ఇప్పటి మిషన్లు ఈ లెక్కలు తామే చూసుకుంటాయి. వాటిలో మనం వేలు పెట్టనక్కరలేదు. విండోస్ 98కి కంపెనీవారు 2006 జూలై 11తో మద్దతు ఆపేశారు. అందుచేత మా మిషనును ఇంటర్నెట్టుకు తగిలించం. వారం వారం ఫైళ్ళకు నకళ్ళు మాత్రం తీస్తాం. మీ ఇంట్లోనూ ఇలాంటి ముసలి మిషను వుంటే, దాని వేగం కంటె ముందు దాని కడుపులో వున్న అక్షరాల సంగతి చూడండి.

ఇప్పుడు తొమ్మిదో పుస్తకం నడుస్తోంది. అన్నీ అయ్యాక యూనికోడులోకి మార్పించే పని నా వంతు. మొన్న సాయంత్రం ఉరుముతో పాటే కరెంటు పోయింది. చీకట్లో వదిన గొంతు వినిపించింది.

"దాచేశాను బాబూ! పోయింది ఒక్క వరసే. అది నోటికొచ్చు."