డిస్క్ అంటే మొత్తం డిస్క్



మన గ్రూపులో ఈ మధ్య చాలామంది "పాత ల్యాప్‌టాప్ స్లో అయింది, లినక్స్ వేసుకోవచ్చా?" అని అడుగుతున్నరు. వేసుకోవచ్చు. నేను వేసుకున్న, ఈ పోస్ట్ కూడా దాంట్లోనే టైప్ చేస్తున్న. కానీ నేను చేసిన తప్పు దాచిపెట్టి మీకు మాత్రం "వేసుకోండి" అని చెప్పుడు న్యాయం కాదు. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్న, ఓపికగా చదవండి.

మాది ఉట్నూరు ఏజెన్సీల ఒక చిన్న గోండు గూడెం. నేను డిగ్రీలో చేరినప్పుడు మా నాన్న పత్తి అమ్మిన పైసలతో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనిచ్చిండు. ఐదో జనరేషన్ ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. అందులో విండోస్ 10 ఉండె. బటన్ నొక్కి, పోయి స్నానం చేసి వచ్చినా స్క్రీన్ మీద ఆ చుక్కలు తిరుగుతనే ఉండేవి. విండోస్ 10కి 14 అక్టోబర్ 2025తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామంటే నా ప్రాసెసర్ పాతది, పనికిరాదు. కొత్త ల్యాప్‌టాప్ అడిగే ధైర్యం నాకు లేదు.

హాస్టల్లో సీనియర్ అన్న ఒకాయన "లినక్స్ మింట్ వెయ్ తమ్మీ, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని ఉంటది, పాత మెషిన్లకు తేలిక" అన్నడు. నిజంగనే దానికి 2 జీబీ ర్యామ్ ఉన్నా నడుస్తది, 4 జీబీ ఉంటే సుఖం. పైసా ఖర్చు లేదు, క్రాక్‌ల గోల లేదు. 1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల స్టూడెంట్ సొంతంగా మొదలుపెట్టిన పని అంట ఈ లినక్స్. ఆయన కూడా మనలాంటి స్టూడెంటే కదా అనుకొని నాకు ఉషారు వచ్చింది.

కాలేజీ ల్యాబ్‌లో ఐఎస్ఓ ఫైల్ డౌన్‌లోడ్ చేసిన, మూడు జీబీకి దగ్గరగా ఉంది. 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద రూఫస్‌తో రాసిన. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కి పెన్‌డ్రైవ్ ఎంచుకున్న. (కొన్ని కంపెనీలకు ఎస్కేప్, కొన్నిటికి ఎఫ్9 ఉంటది, మీది చూసుకోండి.) రెండు నిమిషాలల్ల మింట్ డెస్క్‌టాప్ వచ్చింది. ఇంకా ఏదీ ఇన్‌స్టాల్ కాలేదు, అంతా పెన్‌డ్రైవ్ మీదనే నడుస్తుంది. దీన్నే లైవ్ అంటరు. అక్కడ ఆగి వైఫై వస్తుందా, సౌండ్ వస్తుందా అని చూసుకోవాలె. నేను ఆగలే. ఇన్‌స్టాల్ మీద రెండుసార్లు నొక్కిన.

భాష అడిగింది, కీబోర్డ్ అడిగింది. తర్వాత ఒక ప్రశ్న. విండోస్ పక్కన వెయ్యాల్నా, లేకపోతే డిస్క్ చెరిపి వెయ్యాల్నా? నాకు విండోస్ మీద కోపం. చెరిపెయ్ అన్న. విండోస్ ఉండేది సీ డ్రైవ్‌ల, నా ఫైళ్లన్నీ డీ డ్రైవ్‌ల, డీకి ఏం కాదు అనుకున్న. ఇంకోసారి కూడా హెచ్చరిక వచ్చింది. ఇంగ్లీష్‌లో నాలుగు లైన్లు. చదవకుండా కంటిన్యూ కొట్టిన.

సీ, డీ అనేవి ఒకే డిస్క్‌లో గీసుకున్న గీతలు. పొలంలో ఒడ్డు ఉన్నట్టు. మొత్తం చేను దున్నమంటే ట్రాక్టర్ ఒడ్డు చూసి ఆగదు.

ఇరవై నిమిషాలల్ల అయిపోయింది. రీస్టార్ట్ చేస్తే నిమిషం లోపు డెస్క్‌టాప్! ఎగిరి గంతేసిన. వైఫై మాత్రం రాలే. ఫోన్‌కి కేబుల్ పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చింది. డ్రైవర్ మేనేజర్ తెరిస్తే వైఫై డ్రైవర్ అదే చూపించింది, వేసుకున్న. రెండు రోజులు హాస్టల్లో అందరికీ చూపించుకుంట తిరిగిన.

దీపావళి దగ్గరికొచ్చింది, దండారి రోజులు. అమ్మ ఫోన్ చేసి గోండిలో అడిగింది, "మా అమ్మ పాటలు నీ కంప్యూటర్‌ల ఉన్నయి కదా, వచ్చేటప్పుడు తీస్కరా, అందరం విందాం" అని.

మా అమ్మమ్మ అంతకుముందు ఏడాది చనిపోయింది. అంతకుముందు రెండేళ్లు సెలవులకు పోయినప్పుడల్లా ఆమె పాటలు, కథలు ఫోన్‌లో రికార్డు చేసిన. పెళ్లి పాటలు, పిల్లలను పండబెట్టే పాటలు, మొత్తం 41. ఫోన్ మెమొరీ నిండితే ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి ఫోన్‌లో తీసేసిన. డీ డ్రైవ్‌లో "అమ్మమ్మ" అనే ఫోల్డర్. ఇంకెక్కడా కాపీ లేదు.

ఫోన్ పెట్టేసి ల్యాప్‌టాప్ తెరిచిన. డీ డ్రైవ్ లేదు. చేతులు చల్లబడ్డయి.

సీనియర్ అన్న దగ్గరికి ఉరికిన. ఆయన తిట్టలే. "ముందు బంద్ చెయ్. ఇంకొక్క ఫైల్ కూడా డౌన్‌లోడ్ చెయ్యకు" అన్నడు. తర్వాత అర్థమయ్యేట్టు చెప్పిండు. "రిజిస్టర్‌ల పేరు కొట్టేసినంత మాత్రాన పిల్లగాడు గదిలకెల్లి పోడు. ఆ గది ఇంకొకనికి ఇచ్చినప్పుడే పోతడు. నీది పాత హార్డ్ డిస్క్ కాబట్టి ఆశ ఉంది. ఎస్ఎస్‌డీ అయితే చాలావరకు ఆశ వదులుకోవాల్సిందే." అప్పటికే రెండు రోజులు నేను సినిమాలు డౌన్‌లోడ్ చేసి గదులు వేరేవాళ్లకు ఇచ్చుకుంట పోయిన.

మళ్లీ అదే పెన్‌డ్రైవ్‌తో లైవ్‌లోకి పోయినం. టెర్మినల్ తెరిచి సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ టెస్ట్‌డిస్క్ అని కొడితే దాంతోపాటు ఫోటోరెక్ వస్తది. పేరు ఫోటో అయినా ఆడియో, వీడియో కూడా వెతుకుతది. దొరికినవి అదే డిస్క్‌లో పెడితే మిగిలినవి కూడా చెడిపోతయి, అందుకని అన్న తన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఇచ్చిండు. రాత్రి తొమ్మిదికి మొదలుపెడితే తెల్లారినాక అయిపోయింది. నేను పండుకోలే.

వందల ఫైళ్లు దొరికినయి. ఫోటోరెక్ ఫైల్ లోపలిది తెస్తది గానీ పేరు తేదు. అన్నీ ఎఫ్ అనే అక్షరం, వెనక అంకెలు. ఒక్కొక్కటి తెరిచి వినాలె. సినిమా పాట, సినిమా పాట, క్లాస్ రికార్డింగ్, మళ్లీ సినిమా పాట. పన్నెండో పదమూడో ఫైల్‌ల అమ్మమ్మ దగ్గు వినపడ్డది. పాట మొదలుపెట్టే ముందు ఎప్పుడూ అట్లనే దగ్గేది.

41ల 26 దొరికినయి. అందులో నాలుగు మధ్యలో తెగిపోయినయి. 15 పోయినయి.

దండారికి ఇంటికి పోయి అమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పిన. అమ్మ కాసేపు మాట్లాడలే. తర్వాత "ఉన్నయి పెట్టు" అన్నది. ఒక్కో పాట వింటూ ఇది ఫలానా పెళ్లిల పాడింది, ఇది వాళ్ల అత్త నేర్పింది అని చెప్పుకుంట పోయింది. నేను రాసుకున్న. ఇంతకుముందు నేను ఆ ఫైళ్లకు పెట్టిన పేర్లు 1, 2, 3. ఇప్పుడు ఒక్కో ఫైల్‌కి పేరు ఉంది, ఎప్పుడు పాడుతరో, ఎవరు నేర్పిన్రో ఉంది. ఫోల్డర్ పేరు మాత్రం మన గుంజాల గోండి లిపిలో పెట్టిన. ఆ లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది, నోటో ఫాంట్ వేసుకుంటే లినక్స్‌లో అక్షరాలు చక్కగా కనపడతయి. క్యారెక్టర్ మ్యాప్‌లకెల్లి ఒక్కో అక్షరం ఏరి పెట్టిన.

ఒక పాట ఏ సందర్భంలదో అమ్మకు కూడా తెల్వలే. దానికి ఇంకా పేరు పెట్టలే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, లినక్స్‌కి భయపడకండి. నా ల్యాప్‌టాప్‌కి అది మళ్లీ ప్రాణం పోసింది. మింట్ 22 వేసుకుంటే 2029 దాకా అప్‌డేట్లు వస్తయి. కానీ ఇన్‌స్టాల్ నొక్కే ముందు ఒక రోజు ఆగండి. డిస్క్‌లో ఏమున్నయో కాగితం మీద రాసుకోండి. వాటిలో మళ్లీ దొరకనివి ఏవో టిక్ పెట్టుకోండి. అవి వేరే హార్డ్ డిస్క్‌కి ఒకటి, ఆన్‌లైన్‌ల ఒకటి, రెండు చోట్ల కాపీ చేసి, తెరిచి చూసుకొని అప్పుడు మొదలుపెట్టండి. విండోస్ కావాలంటే మళ్లీ వేసుకోవచ్చు. మన ముసలోళ్ల గొంతు ఏ సైట్‌లో డౌన్‌లోడ్‌కి దొరకదు.

ఇంగ్లీష్‌లో హెచ్చరిక వచ్చి అర్థం కాకపోతే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. రాత్రి ఎంత టైమ్ అయినా చూసి చెప్త. చెప్పేదాకా కంటిన్యూ కొట్టకండి.

జోహార్.