కొమ్ముల ఇల్లు

దేశం కాని దేశం వెళ్ళినప్పుడు అన్నీ చూసి రావాలని ఎవరికి మాత్రం ఉండదు? కానీ ఇండోనేషియాను చూడడం అంత తేలిక కాదండీ. పదిహేడు వేల పైచిలుకు దీవుల దేశం అది. రోజుకొక దీవి చొప్పున చూసినా నలభై ఆరేళ్ళు దాటుతుంది. అంటే నేను పుట్టిన రోజునే బయలుదేరి ఉంటే ఈపాటికి చివరి దీవుల్లో ఉండేదాన్నన్నమాట!

ఆ బెంగ లేకుండా, జకార్తా నగరం తూర్పు భాగంలో ‘తమన్ మినీ ఇండోనేషియా ఇందా’ అని ఒక పెద్ద తోట వేశారు. ‘తమన్’ అంటే తోట. ‘ఇందా’ అంటే అందమైనది. నాకు మాత్రం ఆ పేరు విన్నప్పుడల్లా, మారాం చేసే పిల్లాడి చేతిలో జంతిక పెడుతూ “ఇందా” అనే మన తల్లులే గుర్తొస్తారు. దేశాన్నంతా చిన్న ముక్క చేసి, ఇందా, చూసుకో అని చేతిలో పెట్టినట్టుంటుంది.

అన్నట్టు, పెట్టింది కూడా ఒక అమ్మే. అప్పటి అధ్యక్షుడు సుహార్తో భార్య సితి హర్తినా. అందరూ ‘ఇబు తియెన్’ అనేవారు. ఇబు అంటే అమ్మ. అమెరికాలో డిస్నీలాండ్ చూసొచ్చాక ఆవిడకు ఈ ఆలోచన వచ్చిందట. మనం పక్కింట్లో మిక్సీ చూసొచ్చి మనింట్లోనూ ఉండాలనుకుంటాం. రాజ్యం చేతిలో ఉన్నవాళ్ళ కోరికలు ఇంకాస్త పెద్దవి. 1971 చివరలో ఈ సంగతి బయటికి రాగానే విద్యార్థులు, మేధావులు గొడవ చేశారు. జనం తిండికి ఇబ్బంది పడుతుంటే బొమ్మల ఊరు దేనికన్నారు. అక్కడ ఇళ్ళూ వాకిళ్ళూ ఉన్నవాళ్ళను ఖాళీ చేయించి మరీ కట్టడమేమిటన్నారు. సుహార్తోగారికి కోపం వచ్చింది, కొందరిని అరెస్టు చేశారు. 1975 ఏప్రిల్ 20న తోట తెరిచారు. ఇళ్ళు చూపించడానికి ఇళ్ళు తీసేశారన్న మాట నాకు లోపలికి వెళ్ళాక కూడా మనసులో కలుక్కుమంటూనే ఉంది.

జకార్తాలో మా అన్నయ్య ఉద్యోగం. నేను వెళ్ళిన మూడో రోజున వదినా నేనూ కలిసి రైలెక్కాం. 2023లో మొదలైన ఎల్.ఆర్.టి. రైలుకు ఆ తోట పేరుతోనే ఒక స్టేషనుంది. లోపల కరెంటు బస్సులు తిప్పుతారు. మధ్యలో పెద్ద చెరువు, అందులో దేశపటం ఆకారంలో చిన్న చిన్న దీవులు. పైన తాళ్ళ మీద నడిచే పెట్టెలో కూర్చుంటే సుమత్రా నుంచి పపువా దాకా కాళ్ళ కింద కనిపిస్తుంది. వదిన కళ్ళు గట్టిగా మూసుకుని, “అయిందా? దేశం అయిపోయిందా?” అని అడుగుతూనే ఉంది.

చెరువు చుట్టూ ఒక్కొక్క రాష్ట్రానికి ఒక్కొక్క ఇల్లు. తొరాజావాళ్ళ ఇంటి కప్పు పడవలా రెండు వైపులా పైకి లేచి ఉంటుంది. ముందు స్తంభానికి దున్నపోతుల కొమ్ములు వరసగా బిగించి ఉంటాయి, ఆ ఇంట్లో ఎంత ఘనంగా కర్మకాండలు జరిగాయో చెప్పడానికి. వాళ్ళలో మనిషి పోయినా కర్మ జరిపేదాకా పోయాడనరట, ఒంట్లో బాగాలేదంటారట, ఇంట్లోనే ఉంచుకుంటారట. వదిన ఆ ఇంటి మెట్లెక్కనంది.

ఇళ్ళన్నీ బాగున్నాయి. కాకపోతే ఒక్క ఇంట్లోనూ పొయ్యి వాసన లేదు. పెళ్ళికూతురి బొమ్మలున్నాయి గానీ, పచ్చడి బండ దగ్గర కూర్చున్న ముసలమ్మ ఎక్కడా లేదు. ఇల్లంటే పెళ్ళిబట్టలేనా?

అలా తిరిగి తిరిగి పశ్చిమ సుమత్రా వాకిట్లోకి వచ్చాం. ఇదండీ నేను చెప్పాలనుకున్న ఇల్లు. ‘రుమా గడాంగ్’ అంటారు, పెద్దిల్లు అని అర్థం. కప్పు అంచులు గేదె కొమ్ముల్లా ఆకాశంలోకి వంపు తిరిగి ఉంటాయి. గోడలనిండా చెక్కిన లతలు. మినాంగ్‌కబావు అనే జనం ఇల్లు ఇది. వాళ్ళు ముస్లిములు. అయినా తరతరాల ఆస్తి, అంటే ఇల్లూ పొలమూ, తల్లి నుంచి కూతురికే వెళుతుంది. పెళ్ళయిన ఆడపిల్లకు ఆ ఇంట్లోనే ఒక గది ఇస్తారు. మొగుడు ఆ గదికి వస్తాడు. అల్లుడంటే మోడు మీద బూడిదలాంటివాడని వాళ్ళ సామెత. గాలి వీస్తే ఎగిరిపోయేవాడన్నమాట. మగపిల్లలు పూర్వం ఏడెనిమిదేళ్ళు రాగానే ప్రార్థనాశాలకు పోయి పడుకునేవారు. ఎందుకంటే ఇంట్లో వాళ్ళకు గది ఉండదు!

“ఇంట్లో మగవాడి మాట చెల్లదా?” అంది వదిన.

“చెల్లుతుంది. మొగుడిది కాదు, మేనమామది. వ్యవహారం చూసేది ఆయనే. ఇల్లు మాత్రం ఆయన పిల్లలకు పోదు, అక్కచెల్లెళ్ళ పిల్లలకే.”

“అయితే కట్నాలుండవేమో.”

అక్కడే నాకూ నవ్వొచ్చింది. పరియామన్ వైపు పెళ్ళికొడుకును తెచ్చుకోవడానికి పెళ్ళికూతురివాళ్ళు డబ్బిచ్చే ఆచారం ఉంది. ఈ మాట చెబితే వదిన నడుం మీద చెయ్యి వేసుకుని, “ఇల్లు చేతిలో ఉన్నా తప్పలేదన్నమాట!” అంది.

తలమీద అంతస్తులు అంతస్తులుగా బంగారు పూలు పేర్చిన కిరీటంతో పెళ్ళికూతురి బొమ్మ. ‘సుంతియాంగ్’ అంటారు దాన్ని. వదిన దాని ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత ఉన్నట్టుండి, “నువ్వు ఆ కాగితాలు చదివావా?” అంది.

కాగితాల సంగతి మీకు చెప్పలేదు కదూ. గోదావరి పక్కన మా ఊళ్ళో తాతగారు కట్టించిన పెంకుటిల్లుంది. అమ్మ పోయాక తాళం పడింది. అన్నయ్య అమ్మేద్దామంటున్నాడు. నా హక్కు వదులుకుంటున్నట్టు కాగితం రాయించి పెట్టాడు. ముందు చదివి సరే అంటే చాలు, రిజిస్ట్రేషను ఊళ్ళో చూసుకోవచ్చు. అన్నయ్య చెడ్డవాడు కాదు సుమండీ. అమ్మాక నీకు మంచి నగ చేయిస్తానన్నాడు. కానీ నగ ఇస్తాననడం వేరు, నీ వాటా ఇంత అనడం వేరు. 1985 సెప్టెంబరు నుంచే మన రాష్ట్రంలో, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. ఎన్.టి. రామారావుగారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పటి చట్టం. దేశమంతటికీ రావడానికి 2005 దాకా పట్టింది.

“నాకూ హక్కుందని అప్పుడు తెలుసు,” అంది వదిన, బొమ్మనే చూస్తూ. “మా పుట్టింట్లో పంపకాలకి పిలిచారు. పసుపు కుంకుమ కింద చీర పెట్టారు. భోజనాల ముందే సంతకం అయిపోయింది. తర్వాత పాయసం వడ్డించారు. చీర మంచిదేలే. కానీ ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా నన్ను హాల్లో కూర్చోబెడుతున్నారు. అంతకుముందు తిన్నగా వంటింట్లోకి వెళ్ళేదాన్ని.”

నాకేం మాట్లాడాలో తోచలేదు. ఆ ఇల్లు అమ్మితే లాభపడేది తన మొగుడే, తన పిల్లలే. అలాంటి మనిషి ఈ మాట అంటోంది.

బస్సులో మళ్ళీ తిరుగుతుంటే తూర్పు తిమోర్ ఇల్లు గుర్తొచ్చి వదినకు చెప్పాను. 1975లో సైన్యాన్ని పంపి, మరుసటి ఏడు 27వ రాష్ట్రంగా కలుపుకున్నారు. ఈ తోటలోనూ దానికో ఇల్లు కట్టారు. ఎంతోమంది చచ్చిపోయాక, 1999లో ఓట్లు పెడితే మేం వేరేనన్నారు. 2002లో స్వతంత్ర దేశమైంది. ఇక్కడి ఇంటిని మ్యూజియం చేశారు.

“అడక్కుండా కలుపుకుంటే అంతే,” అంది వదిన.

ఈ తోటదీ అదే వరస. ఆస్తి ప్రభుత్వానిదే అయినా ఇబు తియెన్ పెట్టిన ట్రస్టే నడుపుతూ వచ్చింది. ఆవిడ 1996లో పోయారు, సుహార్తో 1998లో గద్దె దిగారు, పెత్తనం మాత్రం కదల్లేదు. 2021లో గానీ ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకోలేదు.

రాత్రి భోజనాల దగ్గర అన్నయ్య, “ఏం చూశారే?” అన్నాడు.

“ఆడపిల్లల ఇల్లు,” అంది వదిన.

“లేడీస్ హాస్టలా?”

ఇద్దరం పడీ పడీ నవ్వాం. పెరుగు వడ్డించడం అయ్యాక వదిన చేతులు కడుక్కుని, ఫ్రిజ్ మీదున్న ఆ కాగితాల కవరు తీసి, కళ్ళజోడు కోసం వెతుక్కుంటూ, “ఇవి నేనూ ఒకసారి చదువుతానండీ,” అంది.