అజ్జరం గుండిగ

మా మేనల్లుడు టోక్యోలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ మధ్య వాడు కప్పాబాషి అనే వీధి చూసివచ్చి మాకు ఫోటోలు పంపించాడు. ఉయెనో, అసాకుసా పేటల నడుమ సుమారు 800 మీటర్ల బజారట అది. 170కి పైగా దుకాణాలు. హోటళ్ళవాళ్ళకూ, వంటవాళ్ళకూ కావలసిన కత్తులూ, మూకుళ్ళూ, పళ్ళేలూ అన్నీ అక్కడే. ఒక మేడమీద టోపీ పెట్టిన వంటవాడి పెద్ద తలకాయ బొమ్మ! "మన వైపు ఇలాంటిది ఉందా మావయ్యా?" అని చివర ఓ ప్రశ్న.

"ఎందుకు లేదూ? అటకమీది గుండిగ దింపండి, అజ్జరం వెళదాం" అంది మా ఆవిడ.

ఆ గుండిగ మా అమ్మ సారెలో తెచ్చుకున్నది. ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా ముందు దానికే కబురొచ్చేది. అడుగున చిల్లిపడ్డాక అటకెక్కింది. అమ్మ పోయాక దానివంక చూడడానికే నాకు మనసొప్పలేదు. మాఘంలో అమ్మాయి పెళ్ళి. పాతది తూకానికి వేసి, కొత్త బిందెలు కొనాలని మా ఆవిడ లెక్క. నేను కాదనలేదు, అవుననీ అనలేదు. పెళ్ళికి వండబోయే వంటాయన కూడా మాతో బయలుదేరాడు.

రాజమండ్రి నుంచి రావులపాలెం మీదుగా వెళ్ళి, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదావరి దాటితే పెరవలి. అజ్జరం ఆ మండలంలోదే. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు పశ్చిమగోదావరి నుంచి తూర్పుగోదావరిలోకి వచ్చింది. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది, సుత్తుల మోత కూడా.

వీధిలో అడుగుపెడితే గంగాళాలు, గుండిగలు, బిందెలు, గుడిగంటలు. టోక్యోలో దుకాణాలు చూడాలి; ఇక్కడ కొలిమి కూడా చూడవచ్చు. రాగీ తుత్తునాగమూ కలిస్తే ఇత్తడి, రాగీ తగరమూ కలిస్తే కంచు. దెబ్బ తిన్నకొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది. మరీ గట్టిపడితే పగులుతుంది గనక మధ్యమధ్య కాల్చి మెత్తబరచి, మళ్ళీ కొడతారు.

మేస్త్రి మా గుండిగను వెలుతురుకెత్తి చూశాడు. వంటాయన వేలి కణుపుతో అంచు మీద కొట్టాడు. ఖంగుమంది.

"అమ్మా, తూకానికి వేస్తే ఇత్తడి ధర వస్తుంది, గుండిగ ధర రాదు. ఇంత దళసరి అడుగు ఇప్పుడు చేయించాలంటే మజూరీయే బోలెడు" అన్నాడు మేస్త్రి.

"చిల్లి మాటో?" అంది మా ఆవిడ.

"మాటు వేస్తే సరి. తర్వాత కళాయి పూయించండి. లేకపోతే పులుపు తగిలి కిలుం పడుతుంది."

"దళసరి అడుగైతే మంట సమంగా పాకుతుందమ్మా. పప్పు అడుగంటదు" అన్నాడు వంటాయన.

మా ఆవిడ కాసేపు నావంక చూసింది. "మాటు వెయ్యండి" అంది.

కళాయి కూడా అక్కడే అయింది. గిన్నె కాల్చి, నవాసాగరం చల్లి, తగరం తాకించి, గుడ్డతో గిర్రున తిప్పేసరికి లోపలంతా వెండిలా మెరిసింది. అందులో నా మొహం కనిపించింది. అచ్చం అమ్మ పోలికే.

ఇంటికొచ్చి మేనల్లుడికి జవాబు రాశాను: "ఉందిరా. మాఘంలో పెళ్ళికి రా. మీ అమ్మమ్మ గుండిగలో పప్పు తిని వెళుదువుగాని."