రెప్పపాటు

దమయంతీ స్వయంవరానికి ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుగురూ నలుని రూపంలోనే వచ్చి కూర్చున్నారు. ఎదుట అయిదుగురు నలులు. వారిలో మానవుడెవరో దమయంతి పోల్చుకున్న ఆనవాళ్ళలో ఒకటి రెప్పపాటు. దేవతలు రెప్ప వేయరు; అందుకే వారు అనిమిషులు. చిన్నప్పుడు నాన్నగారి నోట ఈ కథ విన్నప్పుడల్లా, రెప్ప వేయకుండా చూడగలగడం ఎంత గొప్ప వరమో కదా అనుకునేవాణ్ణి. అది వరం కాదని మా అక్కకు జబ్బు చేసినప్పుడు గాని తెలియలేదు.

2006లో, నాన్నగారి సంవత్సరీకం నాటి మాట. తెనాలి దగ్గర మా ఊళ్ళో భోజనాలు ముగిసి బంధువులంతా వెళ్ళిపోయాక, ఇల్లు అమ్మే ప్రస్తావన నేనే తెచ్చాను. అక్క ఎదురుగా అరుగు మీద కూర్చుని ఉంది. నా మాటలు సాగుతున్న కొద్దీ రెప్ప వేయకుండా నన్నే చూస్తోంది. నల్లగుడ్డుకు పైన కూడా తెలుపు కనబడేంతగా విప్పారిన కళ్ళు. వాటినుండి ధారగా నీళ్ళు. నోట ఒక్క మాట లేదు. అంత కోపాన్నీ, అంత దుఃఖాన్నీ అక్క ముఖంలో అంతకు మునుపెన్నడూ చూసి ఎరుగను. ఆ రాత్రి రైలుకే హైదరాబాదు వచ్చేశాను. నాలుగు నెలలు ఫోను కూడా చేయలేదు.

ఆ చూపు నాకొక్కడికే తగిలిందనుకున్నాను. కానీ బళ్ళో పిల్లలు, టీచరుగారు ఊరికే గుడ్లురుముతున్నారని బెదిరిపోయేవారట. కోడలు ఎదురు చెప్పకుండానే కళ్ళెర్రజేస్తోందని వాళ్ళ అత్తగారు నొచ్చుకునేవారట. అక్కకేమో కళ్ళలో ఇసుక పోసినట్లు గరగర. ఫ్యాను గాలి సోకితే మంట. తెల్లవారి లేచేసరికి కళ్ళు తెరవలేకపోయేది. మొదట చూపించుకున్న వైద్యుడు కళ్ళకలక అని చుక్కలమందిచ్చాడు. ఆ తరువాత ఇంకొకరు కళ్ళజోడు మార్చారు. చివరికి గుంటూరులో ఒక కంటి వైద్యురాలు, కళ్ళు పరీక్షించడం ఆపి, అక్క చేతులు చాపించి వాటి మీద ఒక కాగితం పరిచింది. కాగితం అల్లలాడింది. తిండి బాగానే తింటున్నా చిక్కిపోతున్నారా, గుండె దడగా ఉంటోందా అని అడిగి, మెడ తడిమి చూసింది. కళ్ళ కోసం వస్తే ఈవిడ మెడ పట్టుకుందేమిటని బావగారు తెల్లబోయారట. రక్తపరీక్షలో థైరాయిడ్ హార్మోన్లు హెచ్చుగా, టీఎస్‌హెచ్ బొత్తిగా తక్కువగా తేలాయి. గ్రేవ్స్ వ్యాధి.

డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ 1835లోను, జర్మనీలో కార్ల్ ఫాన్ బాసెడో 1840లోను వర్ణించిన జబ్బిది. గొంతు వాపు, గుండె దడ, మిడిగుడ్లు కలిసి కనబడడాన్ని బాసెడో ప్రత్యేకంగా గుర్తించాడు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి, థైరాయిడ్ గ్రంథిని అదిలించి అతిగా పని చేయిస్తుంది. ఆ దాడికి గురి అయ్యే గ్రాహకాలే కంటిగుడ్డు వెనుక ఉన్న కణజాలంలోనూ ఉన్నాయి. అక్కడి కొవ్వు, కండరాలు వాచి గుడ్డును ముందుకు నెడతాయి. పైరెప్ప పైకి లాక్కుపోతుంది. చూసేవారికి అది కోపంగా కనబడుతుంది.

మరి కళ్ళు పొడిబారడానికీ, నీళ్ళు కారడానికీ పొత్తెలా కుదిరింది? నాకు అన్నిటికంటె వింతగా తోచింది ఇదే. కంటి మీద పరుచుకునే సన్నని కన్నీటి పొరలో జిగురు, నీరు, పైన నూనె ఉంటాయి. నూనె నీటిని ఆవిరి కానివ్వదు. నిమిషానికి సుమారు పదిహేను మార్లు మనం వేసే రెప్పే ఆ పొరను కన్నంతా అలుకుతుంది. కన్ను మరీ విప్పారి, రెప్ప పూర్తిగా దిగకపోతే ఆ పొర చెదిరి ఆరిపోతుంది. పైగా వాపు కన్నీటి గ్రంథికి కూడా సోకితే ఊట తగ్గుతుంది. ఎండిన కన్ను మంటకు తాళలేక ఒక్కసారిగా నీళ్ళు కార్చేస్తుంది. కానీ ఆ నీరు నిలవదు, చెంపల మీదికి జారిపోతుంది. పంట ఎండాక వచ్చిన వరద వంటిది. థైరాయిడ్ మందగించినవారిలోనూ కన్నీటి ఊట తగ్గి కళ్ళు పొడిబారవచ్చు. కనుక ఎంతకీ తగ్గని కంటి మంటకు ఒకసారి థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకోవడం మంచిది.

సంగతి తెలిసి పరుగున వెళ్ళాను. అక్క పడుకుని ఉంది. నిద్రలో కూడా రెప్పలు పూర్తిగా కలవక, సందులో తెల్లని గీత కనబడుతోంది. బావగారు మెల్లగా లేపనం రాసి, కాగితపు పట్టీతో రెప్పలు మూసి అంటిస్తున్నారు. "రోజూ ఇదే పని బావా," అన్నారాయన, తలగడ ఎత్తుగా సర్దుతూ. పొగ ఈ కళ్ళకు శత్రువని వైద్యురాలు చెప్పిన నాటినుండి ఆయన సిగరెట్టు ముట్టలేదు.

గ్రంథిని అదుపులో పెట్టడానికి మాత్రలు, పగలు రెండేసి గంటలకు కన్నీటి చుక్కలు, బయటికి వెళితే చలువ కళ్ళజోడు. దాదాపు ఏడాదిన్నరకు అక్క చూపు మెత్తబడింది. అందరికీ ఇంత తేలికగా పోదు. ఒకటి రెండుగా కనబడినా, రంగులు వెలిసిపోయినట్లున్నా, చూపు మసకబారినా క్షణం ఆలస్యం చేయకూడదు. అది కంటినరం నలుగుతున్న సూచన కావచ్చు. జబ్బు ముదిరినవారికి స్టెరాయిడ్లు, శస్త్రచికిత్స ఉన్నాయి. ఈ కంటి జబ్బుకు టెప్రోటుముమాబ్ అనే మందును 2020లో అమెరికా ఆమోదించింది.

కుదుటపడ్డాక ఒక సాయంత్రం అదే అరుగు మీద కూర్చుని అక్కతో అన్నాను: "ఆ రోజు నీ చూపు చూసి, నా ముఖం చూడడం ఇష్టం లేక అలా ఉన్నావనుకున్నానక్కా. నువ్వు ఏడుస్తున్నావనుకున్నాను."

అక్క నవ్వింది. "ఏడవలేదురా. కళ్ళు మండిపోతుంటే నోరు తెరిస్తే ఏమంటానోనని ఊరుకున్నాను." కాసేపాగి, "కోపం మాత్రం వచ్చింది. అది నా కళ్ళలో కాదు, కడుపులో ఉంది. నాలుగు నెలలు ఫోను చేయలేదు చూడూ, అప్పుడేడ్చాను," అంది.

ఇల్లు అమ్మలేదు. దానికి ఈ జబ్బు కారణమని చెప్పను. అక్క ఆ మాట అంటున్నప్పుడు రెండుసార్లు రెప్ప వేసింది. నేను లెక్కపెట్టాను.