చిన్న ఫోనులో పెద్ద పదకోశం

ఫోన్ కీబోర్డుకు తెలుగు పదసూచనలు సమకూర్చడం నా పని. ‘బడి’ అని కొట్టగానే బడికి, బడిలో, బడినుంచి పైన వరుసగా కనబడాలి. వేలు తర్వాతి అక్షరం మీదికి వెళ్లేలోపే రావాలి, అదీ మెమరీ తక్కువున్న చవక ఫోనులో కూడా.

అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు. ‘తెలుగు’ అన్న మాటలో గుణింతాల గుర్తులతో కలిపి 6 సంకేతాలు, అంటే 18 బైట్లు. పైగా ప్రతి నామవాచకమూ విభక్తులు తగిలించుకుని ఎన్నో రూపాలెత్తుతుంది. అన్నిటినీ జాబితాగా రాసుకుంటూ పోతే చిన్న ఫోను మోయలేదు.

ఆ బరువు దించింది మారిసా-ట్రై. సుసుము యాతా సీ++లో రాసిన ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఇది. ఇందులో పదాలన్నీ ‘ట్రై’ అనే చెట్టుగా అమరుతాయి. బడికి, బడిలో రెండింటికీ ‘బడి’ ఒక్కసారే ఉండి, ఆపైన దారులు చీలతాయి. తెలుగు సంకేతాలన్నిటికీ మొదటి బైటు ఒకటే, రెండోది రెండింటిలో ఏదో ఒకటి. కాబట్టి వేర్వేరు అక్షరాలు కూడా కొంతదూరం కలిసే నడుస్తాయి.

మారిసా అక్కడితో ఆగదు. చీలికలు లేని తునకలను తిరగేసి మరో ట్రైలో పెడుతుంది. దాంతో ఒకేలా ముగిసే తునకలూ కలిసిపోతాయి. ‘నుంచి’తో ముగిసే పదాలెన్ని ఉన్నాయో తలుచుకుంటే మనకు కలిగే లాభం అర్థమవుతుంది.

మామూలు చెట్టులో ఒక నోడ్ నుంచి ఇంకో నోడ్‌కు చిరునామా రాయాలంటే 64-బిట్ యంత్రంలో 8 బైట్లు కావాలి. గై జాకబ్‌సన్ 1989లో చూపిన, మారిసా వాడే లౌడ్స్ పద్ధతిలో చెట్టు ఆకారానికి నోడ్‌కు సుమారు 2 బిట్లు చాలు, వెతకడానికి కాస్త అదనపు ఇండెక్స్. బిట్లలో 1లు, 0లు లెక్కపెట్టి దారి పట్టుకుంటాం. అంతా విప్పి చదవనక్కర్లేదు.

లైబ్రరీ ప్రతి పదానికీ ఒక సంఖ్య ఇస్తుంది. ఆ సంఖ్య ప్రకారం, పదం ఎంత వాడుకలో ఉందో పక్కన వేరే పట్టీలో దాస్తాను. కట్టేసిన ట్రైలో కొత్త పదం చేర్చలేం. అందుకే వాడేవాళ్లు నేర్పే ఊరిపేర్లు, ముద్దుపేర్లు ఇంకో చిన్న జాబితాలో, వాళ్ల ఫోనులోనే ఉంటాయి.

చోటు చాలదు, పదరూపాలు తగ్గించమంటే నేను ఒప్పుకోను. మన మాటలు ఒకే మొదలు నుంచి పుడతాయి, ఒకే ప్రత్యయాలతో ముగుస్తాయి. ఈ అమరికకు కావలసిందీ అదే. ‘బడినుంచి’ పక్కనే తెలంగాణ ‘బడిలకెల్లి’కీ స్థానం ఇవ్వాలి. ఎవరి తెలుగు వాళ్లు రాసుకునేలా చేయకపోవడానికి, జాగా లేదన్న సాకు ఇక చెల్లదు.